చేయి తిరిగిన సేల్స్‌మన్, అమ్ముడుపోని గిటార్: ఒక వాద్యాల దుకాణం కేస్ స్టడీ

కోస్తా ఆంధ్రలో ఒక నగరం. మెయిన్ రోడ్డు మీద రెండంతస్తుల వాద్యాల దుకాణం. కింద గిటార్లు, కీబోర్డులు, యాంప్లిఫయర్లు, మైకులు. పైన హార్మోనియం, తబలా, డోలక్, మృదంగం, వయొలిన్, ఫ్లూట్లు, ఒక మూల డ్రమ్ కిట్. దుకాణం పేరు, అమ్మకాల లెక్కలు ఇక్కడ ఇవ్వడం లేదు. అవి లేకపోయినా విషయం అర్థమవుతుంది.

గిరాకీ నాలుగు రకాలు. వేసవి సెలవులు రాగానే పిల్లల్ని సంగీతం క్లాసులో చేర్చే తల్లిదండ్రులు మొదటి రకం. క్రిస్మస్‌కి ముందు కీబోర్డులు, గిటార్లు, డ్రమ్ ప్యాడ్లు కొనే చర్చి ఆరాధన బృందాలు రెండో రకం. కార్తీకం నుంచి సంక్రాంతి దాకా, అయ్యప్ప దీక్షల కాలంలో, హార్మోనియం, డోలక్, తాళాల కోసం భజన మండళ్లవాళ్లు వస్తారు. ఇక ఏడాది పొడవునా స్ట్రింగ్స్, కేబుల్స్, రిపేర్ల కోసం వచ్చిపోయేవాళ్లు ఆర్కెస్ట్రా కళాకారులు.

యజమాని మూడు సమస్యలు చెప్పారు. లోపలికి వచ్చేవాళ్లు తగ్గలేదు, కొనేవాళ్లు తగ్గారు. కొన్నవాళ్లలో కొందరు నెల తిరక్కుండానే "మా అబ్బాయికి పడలేదండీ" అని వాద్యం వెనక్కి తెస్తున్నారు. ఇదివరకు ఏళ్ల తరబడి పిల్లల్ని పంపిన సంగీతం టీచర్లు ఇప్పుడు వేరే దుకాణం పేరు చెబుతున్నారు. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరకడమే కారణమని ఆయన నమ్మకం. అదీ కొంత నిజమే. కానీ ఆన్‌లైన్‌లో కొనేవాడు దుకాణానికి ఎందుకొస్తాడు? చేత్తో పట్టుకుని చూద్దామని వస్తాడు. ఈ దుకాణంలో ఆ ఒక్కటే జరగడం లేదు.

కౌంటర్ దగ్గర ఏం జరుగుతోంది

సేల్స్‌లో నలుగురు కుర్రాళ్లు. నలుగురూ వాయించేవాళ్లే. అందులో ఇద్దరు పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాల్లో, ఒకరు చర్చిలో వాయిస్తారు. వాయించగలిగితేనే అమ్మగలరని యజమాని ఏరికోరి పెట్టుకున్నారు. ఆలోచన తప్పు కాదు. ఆ వాయింపుని ఎక్కడ వాడాలో మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఒక శనివారం సాయంత్రం బేరం ఇది. తండ్రి, ఏడో తరగతి చదివే కూతురు వచ్చారు.

"పాప గిటార్ నేర్చుకుంటానంటోందండి. మొదటిసారి. ఏదైనా మంచిది చూపించండి."

"ఇది చూడండి సార్, దీని టోన్ వేరే లెవెల్" అంటూ కుర్రాడు గోడ మీద నుంచి 41 అంగుళాల డ్రెడ్‌నాట్ (పెద్ద ఒళ్లున్న గిటార్) ఒకటి దించాడు. స్టూల్ లాక్కుని కూర్చున్నాడు. ఒక సినిమా పాట ఇంట్రో, దాని మీద వేగంగా ఒక లీడ్, మధ్యలో గిటార్ ఒంటి మీద అరచేత్తో దరువు. బాగానే వాయించాడు, అందులో సందేహం లేదు. పక్క కౌంటర్‌లో స్ట్రింగ్స్ కొనుక్కుంటున్న మరో ఇద్దరు తిరిగి చూశారు. అతని కళ్లు కూడా వాళ్ల మీదే ఉన్నాయి. ఆపాక గిటార్ చాపి "తీసుకో పాపా, వాయించు" అన్నాడు. ఆ అమ్మాయి చేతులు రెండూ వెనక్కి పెట్టుకుంది. "నాకు రాదు" అంది. తండ్రి ధర అడిగాడు. "దీనికంటే తక్కువలో ఉన్నాయి సార్, కానీ వాటిలో మజా ఉండదు."

"సరే బాబూ, ఇంట్లో మాట్లాడి వస్తాం."

ఇలా వెళ్లినవాళ్లు మళ్లీ రారు. ఆ అమ్మాయి వయసెంత, చేయి ఎంత పొడవు, ఎవరి దగ్గర నేర్చుకోబోతోంది, ఇంట్లో ఇంకెవరైనా వాయిస్తారా అన్నవి ఎవరూ అడగలేదు. గిటార్ ఆమె ఒళ్లోకి రాలేదు. వచ్చినా 41 అంగుళాల డ్రెడ్‌నాట్ మీద నుంచి ఆమె కుడి చేయి తీగల దాకా వెళ్లాలంటే భుజం పైకి లేపాల్సిందే. ఆ ఈడు పిల్లకి 36 అంగుళాల ముప్పావు సైజు గానీ, ఒళ్లు పలచగా ఉండి నైలాన్ తీగలున్న గిటార్ గానీ చూపించాలి. రెండూ అదే గోడకి, నాలుగడుగుల అవతల వేలాడుతున్నాయి.

పై అంతస్తులో ఇదే వ్యవహారం ఇంకోలా నడుస్తోంది. కర్ణాటక సంగీతం నేర్చుకునే పిల్లాడికి ఫ్లూట్ కావాలంటే, దాదాపు 30 అంగుళాల పొడవున్న E స్కేల్ బన్సూరీ (హిందుస్తానీ వేణువు) తీసి ఒక ఆలాపన వినిపిస్తారు. నాదం గంభీరంగా ఉంటుంది, తల్లి మురిసిపోతుంది. ఇంటికెళ్లాక పిల్లాడి వేళ్లు రంధ్రాలకి అందవు. పైగా కర్ణాటక బాణీలో వాయించేది ఎనిమిది రంధ్రాల వేణువు. టీచరు రాసిచ్చిన చీటీలో "5 శ్రుతి" అని ఉంటే అది జి (G) స్కేల్. పిల్లల చేతికి సరిపడే పొట్టి వేణువు అది. చీటీ అడిగి చూసినవాళ్లు లేరు.

ఇంకో అలవాటు మరీ ఇబ్బందికరం. కాలేజీ అమ్మాయి తనకోసం ఎలక్ట్రిక్ గిటార్ చూడ్డానికి వస్తే, వివరాలన్నీ పక్కన నిలబడ్డ తమ్ముడికి చెబుతారు. పెద్దావిడ వచ్చి తన పాత హార్మోనియం రీడ్స్ (స్వరం పలికించే లోహపు నాలుకలు) గురించి అడిగితే "అమ్మా, మీకు అర్థం కాదులెండి, ఇది జర్మన్ రీడ్" అంటారు. ఆవిడ చాలా ఏళ్లుగా సంగీతం చెబుతున్న టీచరు. టీచర్లు పిల్లల్ని వేరేచోటికి ఎందుకు పంపుతున్నారో అర్థం కావడానికి ఆ ఒక్క వాక్యం చాలు.

అసలు లోపం: మంచి చేయి చెడ్డ వాద్యాన్ని దాచేస్తుంది

గొప్పలు పోవడాన్ని మర్యాద సమస్యగా చూసి "కాస్త వినయంగా ఉండండ్రా" అని క్లాసు పీకితే వారం రోజులు పనిచేస్తుంది. దీనికంటే లోతైన సాంకేతిక కారణం ఒకటుంది. యజమాని ఒప్పుకున్నదీ దాంతోనే: చేయి తిరిగినవాడు వాయించి చూపితే వాద్యం పరీక్ష కాదు. అతని చేయి వాద్యంలోని లోపాన్ని సవరించుకుంటూ పోతుంది. ఆ సవరణ కొత్తగా నేర్చుకునేవాడికి చేతకాదు.

గిటార్ తీసుకోండి. పెట్టెలోంచి తీసిన చవక అకూస్టిక్ గిటార్లలో 12వ ఫ్రెట్ (మెడ మీది అడ్డపట్టీ) దగ్గర లావు E తీగ ఎత్తు 3.5 మి.మీ. దాకా ఉండడం మామూలే. ఉండాల్సింది సుమారు 2.4 మి.మీ.; సన్న E తీగ దగ్గర 1.8 నుంచి 2 మి.మీ. వేళ్లు కాయలు కాసిన సేల్స్‌మన్‌కి ఈ ఒక్క మిల్లీమీటరు తేడా తెలియదు. కొత్త పిల్లకి పది నిమిషాల్లో వేళ్లు మండుతాయి. నట్ (మెడ పైకొసన తీగలు ఆనే పట్టీ) గాడులు లోతు చాలకపోతే ఇంకా కష్టం. మొదటి ఫ్రెట్ దగ్గర తీగ నొక్కడానికి ఎక్కువ బలం కావాలి, నొక్కాక స్వరం పైకి పోతుంది. "మా వాడికి ఎఫ్ కార్డ్ రావడం లేదండీ, గిటార్ వాడికి పడదేమో" అని వెనక్కి తెచ్చిన వాటిలో నట్ ఎత్తు కొలిస్తే తప్పు పిల్లాడిది కాదని తేలిపోతుంది.

కీబోర్డ్ దగ్గర మోసం ఇంకా తేలిక. ఆటో అకంపనిమెంట్ స్టైల్ (దానంతటదే మోగే తోడు వాద్యాలు) ఆన్ చేసి, ఎడం చేత్తో కార్డ్ పట్టుకుని, కుడి చేత్తో పరుగులు తీస్తే ఎంత చవక మోడలైనా ఆర్కెస్ట్రాలా మోగుతుంది. ఆ వేగంలో కీస్‌కి టచ్ సెన్సిటివిటీ ఉందో లేదో ఎవరికీ తెలియదు. పరీక్షలకి పియానో నేర్చుకోబోయే పిల్లకి మొదట చూడాల్సింది అదే: మెల్లగా నొక్కితే మెల్లగా, గట్టిగా నొక్కితే గట్టిగా పలుకుతోందా? ఒక్క వేలితో ఒకే కీని మూడు బలాలతో నొక్కి చూస్తే చాలు, అయిదు సెకన్ల పని. గమకాలు పలికించాలనుకునేవాళ్లకైతే పిచ్ బెండ్ వీల్ (స్వరాన్ని జార్చే చక్రం) ఉందా లేదా అన్నది ధర కంటే ముందు ప్రశ్న.

హార్మోనియం గాలి కారుతుంటే అనుభవమున్నవాడు బెలోస్ (గాలి తిత్తి) కాస్త జోరుగా కొట్టి కప్పేస్తాడు. పరీక్ష సులువు: స్టాపులన్నీ (రీడ్స్‌కి గాలి వదిలే నాబ్‌లన్నీ) మూసి, బెలోస్ నిండా గాలి పట్టించి చేయి తీసేయాలి. నెమ్మదిగా దిగితే మంచిది, చూస్తుండగానే కూలిపోతే గాలి ఎక్కడో పోతోంది. తబలా దాయాన్ (కుడి చేతి వాద్యం) శ్రుతి చుట్టూ ఒకేలా లేకపోతే వాయించేవాడు బాగా పలికే వైపే "నా" కొట్టి తప్పించుకుంటాడు. అంచు చుట్టూ ఎనిమిది చోట్ల కినార్ మీద ఒకే బలంతో కొట్టి వింటే, ఎక్కడో ఒకచోట జారుతుంది. వేణువులో అపశ్రుతిని పెదవి కోణంతో సరిదిద్దేస్తారు. వయొలిన్‌లో నొక్కే వేలే స్వరాన్ని దారిలో పెడుతుంది. కొత్త బౌకి (కమానుకి) రోజిన్ (పట్టు కోసం రాసే గుగ్గిలం లాంటి ముద్ద) రాయలేదన్న సంగతి కూడా తన సొంత బౌతో వాయించి చూపే సేల్స్‌మన్‌కి గుర్తు రాదు. ఆ వయొలిన్ ఇంటికెళ్లి పెట్టె తెరిస్తే బౌ జారుతుంది తప్ప శబ్దమే రాదు. దుకాణానికి ఫోన్ వస్తుంది: "మీరు పాడైపోయింది ఇచ్చారు."

వెనక్కి వచ్చిన వాద్యాలను బల్ల మీద పెట్టి ఒక్కొక్కటీ చూస్తే ఎక్కువ వాటిలో ఇలాంటి లోపాలే కనిపించాయి. ఒక్కటీ ఖరీదైన రిపేరు కాదు. అన్నీ అమ్మకానికి ముందే సరిచేసి ఉండాల్సినవి.

మార్పు మొదలైంది బల్ల దగ్గర

డెమో పద్ధతి మార్చకముందే, వాద్యాన్ని అమ్మకానికి ముందు సరిచేసే సెటప్ బల్ల ఏర్పాటైంది. ముందుగా మాట తీరు మార్చి, వాద్యాలు అలాగే ఉంచితే మర్యాదగా చెడ్డ సరుకు అమ్మినట్టవుతుంది. వెనక గోదాంలో ఖాళీ టేబుల్ మీద దుప్పటి, మెడ ఆనించడానికి దిండు, స్టీల్ స్కేలు, క్లిప్ ట్యూనర్, అలెన్ కీల సెట్టు, ఫీలర్ గేజ్ (సన్నటి సందులు కొలిచే రేకులు), నట్ ఫైళ్లు, 120 నంబరు గరుకు కాగితం, అది అంటించడానికి మందపాటి గాజుపలక. ఇంతే పెట్టుబడి.

అకూస్టిక్ గిటార్‌కి క్రమం ఇది, తారుమారు చేయకూడదు. ముందు ట్యూన్ చేయాలి, ఎందుకంటే తీగల లాగుడు లేనప్పుడు మెడ కొలత పనికిరాదు. మొదటి ఫ్రెట్ మీద కేపో (తీగలన్నిటినీ నొక్కి ఉంచే క్లిప్) పెట్టి, మెడ ఒంటితో కలిసే చోటి ఫ్రెట్ దగ్గర లావు తీగని నొక్కి, 7వ ఫ్రెట్ మీద సందు చూడాలి. 0.2 మి.మీ. అటూఇటూగా ఉంటే మెడ బాగున్నట్టు. విజిటింగ్ కార్డు సులువుగా దూరిపోతే మెడ ముందుకు వంగింది. ట్రస్ రాడ్‌ని (మెడ లోపలి ఇనుప కడ్డీని) గడియారం తిరిగే దిశలో పావు తిప్పు తిప్పి, మళ్లీ ట్యూన్ చేసి, మళ్లీ కొలవాలి. ఒకేసారి అర తిప్పు తిప్పే తొందర ఇక్కడ పనికిరాదు. రాడ్ బిగుసుకుని తిరగకపోతే బలవంతం చేయకుండా పక్కన పెట్టాలి.

తర్వాత నట్. మూడో ఫ్రెట్ దగ్గర తీగ నొక్కి మొదటి ఫ్రెట్ మీద చూస్తే సన్నటి వెంట్రుకంత సందు మాత్రమే కనిపించాలి. చివరికి సాడిల్ (ఒంటి మీద తీగలు ఆనే పట్టీ). 12వ ఫ్రెట్ దగ్గర తీగ 1 మి.మీ. దిగాలంటే సాడిల్ 2 మి.మీ. అరగాలి, ఎందుకంటే 12వ ఫ్రెట్ సరిగ్గా తీగ మధ్యలో ఉంటుంది. ఈ లెక్క తెలియక సగమే అరగదీసి "ఇంతకంటే దిగదు" అని వదిలేయడం చాలాచోట్ల చూడొచ్చు. సాడిల్ తీసి, కింది అంచున పెన్సిల్ గీత గీసి, గాజుపలక మీది గరుకు కాగితంపై నిటారుగా పట్టుకుని రుద్దాలి. పై వంపుని ముట్టుకోకూడదు. గిటార్‌లో సాడిల్ కింద పికప్ (శబ్దాన్ని యాంప్‌కి పంపే పరికరం) ఉంటే అడుగు భాగం సమతలంగా లేకపోయినా కష్టమే, ప్లగ్ పెట్టగానే ఒక తీగ గట్టిగా, ఒక తీగ నీరసంగా వినిపిస్తుంది. గీత దాటి అరగదీస్తే కొత్త సాడిల్ వేయడమే దారి. అందుకే అర మిల్లీమీటరు చొప్పున, కొలుచుకుంటూ పోవాలి. తీగల విషయానికొస్తే, చాలా గిటార్లు 12 గేజ్ (తీగ మందం) సెట్‌తో వస్తాయి. కొత్తవాళ్లకి 11 లేదా 10 వేస్తే వేళ్లకి సుఖం. నాదం కొంచెం పలచబడుతుంది, అది ముందే చెప్పాలి. తీగల లాగుడు తగ్గితే మెడ కూడా కొంత వెనక్కి పోతుంది కాబట్టి మళ్లీ 7వ ఫ్రెట్ చూడాలి.

ఈ బల్లకి ఎవరిని కూర్చోబెట్టారన్నదే ఈ కేసులో కీలకం. అందరికంటే ఎక్కువ ప్రదర్శన చేసే కుర్రాడినే కూర్చోబెట్టారు. మొదట శిక్ష అనుకుని ముఖం ముడుచుకున్నాడు. కానీ మంచి చెవి, మంచి చేయి ఉన్నవాడు అతనే. ఒక గిటార్‌ని 3.5 నుంచి 2.4కి దించాక, పక్కనే సెటప్ చేయని దాన్ని పెట్టి రెండూ వాయించమంటే తేడా అతనికి అందరికంటే ముందు తెలిసింది. సెటప్ చేసిన ప్రతి గిటార్‌కీ చిన్న చీటీ కట్టడం మొదలుపెట్టారు: తేదీ, రెండు E తీగల ఎత్తు, తీగల గేజ్, సెటప్ చేసినవాడి పేరు. తన పేరున్న చీటీ చూపించి కౌంటర్‌లోని మిగతా కుర్రాళ్లు అమ్ముతుంటే అతని గొప్పకి తగిన చోటు దొరికింది. నైపుణ్యం ఉన్నవాడికి గుర్తింపు కావాలి. అది పనిలో దొరక్కపోతే కస్టమర్ చెవుల్ని వాడుకుంటాడు.

కొత్త డెమో పద్ధతి

రాసిపెట్టిన నియమాలు కొన్నే. వాద్యం చేతికిచ్చే ముందు క్లిప్ ట్యూనర్‌తో శ్రుతి చేయాలి, అదీ కస్టమర్ ముందే, మాట్లాడుతూ. ఆ అర నిమిషంలో మూడు ప్రశ్నలు: ఎవరికి, ఎవరి దగ్గర నేర్చుకుంటున్నారు, ఏం వాయించాలని? కర్ణాటక సంగీతమా, చర్చి పాటలా, సినిమా పాటలా, గ్రేడ్ పరీక్షలా అన్నది తేలితే సగం సరుకు దానంతటదే పక్కకి పోతుంది. ప్రశ్న ఎప్పుడూ వాయించబోయేవాళ్లని చూసి అడగాలి, డబ్బులిచ్చేవాళ్లని చూసి కాదు.

మొదటిసారి కొనేవాళ్ల ముందు సేల్స్‌మన్ వాయించేది పదిహేను సెకన్లు: ఖాళీ తీగలు ఆరూ ఒక్కొక్కటిగా, ఒక జి కార్డ్, ఒక చిన్న స్కేలు. వయొలిన్, వేణువు అయితే సరళీ వరస మొదటిది, ఒకే కాలంలో. ఇలా వాయిస్తే కస్టమర్ వాద్యాన్ని వింటాడు, వాయించేవాణ్ని కాదు. తర్వాత వాద్యం వాళ్ల ఒళ్లో పెట్టి, కూర్చునే తీరు సరిచేసి, రెండడుగులు వెనక్కి జరగాలి. అక్కడ మౌనంగా ఉండడమే అన్నిటికంటే కష్టమైన భాగం. మౌనం భరించలేక నోరు జారి స్పెసిఫికేషన్లు చెప్పేస్తారు. ఆ పాప ఒక్క తీగ మీటి, మళ్లీ మీటి, తలెత్తి తండ్రిని చూసే దాకా ఆగగలిగితే బేరం చాలావరకు అయినట్టే.

వాయించడం వచ్చినవాళ్లు వస్తే సేల్స్‌మన్ వాద్యం ముట్టుకోకూడదు. శ్రుతి చేసి ఇచ్చి తప్పుకోవాలి. ఆర్కెస్ట్రా కళాకారుడు ఒక లీడ్ వాయించగానే పక్క నుంచి ఇంకో గిటార్ తీసుకుని అంతకంటే వేగంగా వాయించడం ఈ దుకాణంలో బాగా పాతుకుపోయిన జబ్బు. అతను నవ్వి, కేబుల్ ఒకటి కొనుక్కుని వెళ్లిపోతాడు.

రెండు వాద్యాల మధ్య తేల్చుకోలేకపోతే అవే స్వరాలు, అదే బలం, అదే కుర్చీ. కస్టమర్ కళ్లు మూసుకుని గానీ వెనక్కి తిరిగి గానీ వినాలి. పేరు, రంగు, ధర చీటీ కనిపించనప్పుడు కొందరు తక్కువ ధరదాన్ని ఎంచుకుంటారు. దాన్నే అమ్మాలి. ఆ రోజు బిల్లు తగ్గుతుంది. వాళ్ల బంధువులు, క్లాసులో పిల్లలు తర్వాత వస్తారు.

శబ్దం విషయంలో ఏర్పాటు వేరే. ఒకే హాల్లో ముగ్గురు మూడు చోట్ల డెమో ఇస్తుంటే ఎవరికీ ఏదీ వినపడదు. ఎలక్ట్రిక్ గిటార్లు, కీబోర్డులు ముందు హెడ్‌ఫోన్స్‌లో. స్పీకర్‌లో వినాలంటే కస్టమర్ చెవి దగ్గర 70 డెసిబెల్స్ దాటకుండా ఫోన్‌లోని సౌండ్ మీటర్‌తో కొలిచి, ప్రతి యాంప్ వాల్యూమ్ నాబ్ పక్కన రంగు టేపు ముక్క అంటించారు. డ్రమ్ కిట్‌కి మ్యూట్ ప్యాడ్లు వేశారు. కస్టమర్ లేని వేళ కౌంటర్‌లో ప్రాక్టీస్ పూర్తిగా బంద్. బయటి నుంచి వచ్చేవాళ్లకి అది కచేరీలా కనిపిస్తుంది, లోపలికి రావడానికి జంకుతారు.

కర్ణాటక వయొలిన్ విషయంలో ప్రత్యేకంగా ఒక మాట చేర్చాల్సి వచ్చింది. పెట్టెలోంచి తీసిన వయొలిన్ జి, డి, ఏ, ఈ (G, D, A, E) శ్రుతికి తీగలు కట్టి ఉంటుంది. మన పిల్లలు వాయించేది స, ప, స, ప. టీచరు 5 శ్రుతి చెబితే జి, డి, జి, డి: పై రెండు తీగలూ ఒక్కో టోన్ దించాలి. పాశ్చాత్య శ్రుతిలో పెట్టి పాశ్చాత్య బాణీలో అదరగొట్టి ఇస్తే ఇంటికెళ్లాక టీచరు మొత్తం విప్పి కట్టుకోవాలి. ఇప్పుడు అమ్మకానికి ముందే టీచరు చెప్పిన శ్రుతికి పెట్టి, రోజిన్ రాసి, బ్రిడ్జ్ నిటారుగా ఉందో లేదో చూసి ఇస్తున్నారు. సైజు కోసం చేయి చాపించి, మెడ దగ్గర నుంచి అరచేతి మధ్యకి టేపుతో కొలుస్తారు: సుమారు 58 సెం.మీ. దాటితే పూర్తి సైజు, 56 దగ్గర ముప్పావు, 51 దగ్గర అర. రెండు సైజుల మధ్య పడితే చిన్నదే ఇవ్వాలి. "ఎదుగుతుంది కదండీ, పెద్దదే ఇవ్వండి" అని తల్లిదండ్రులు పట్టుబడతారు. చొక్కా కాదు కదా, మెడ నొప్పితో పిల్ల మానేస్తుందని అక్కడ ఓపిగ్గా చెప్పాలి.

వీణ ఈ దుకాణం పెద్దగా అమ్మదు. అద్దాల షో విండోలో ఒకటి అలంకారంగా ఉండేది. మధ్యాహ్నం ఎండ పడేచోట మైనం మీద నిలిచిన 24 మెట్లున్న వాద్యాన్ని పెట్టడమంటే దాన్ని చంపుకోవడమే. మైనం మెత్తబడి మెట్లు జరిగాయి, స్వరస్థానాలు పోయాయి. దాన్ని లోపలికి మార్చి, మేళం కట్టించడానికి (మెట్లు మళ్లీ మైనంలో నిలబెట్టడానికి) ఇచ్చారు. ఇప్పుడు వీణ అడిగినవాళ్లకి, బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస మానుతో వీణలు చేసే కళాకారుల దగ్గరికే వెళ్లి శ్రుతి చెప్పి చేయించుకోమని చెబుతున్నారు. తెలియనిదాన్ని తెలిసినట్టు వాయించి చూపడం కంటే ఇది వెయ్యి రెట్లు మేలు.

జీతం చీటీలో మార్పు

ఇదివరకు బిల్లు మొత్తం మీద శాతం చొప్పున ఇన్సెంటివ్. అందువల్ల పాపకి గిటార్ అడిగితే ఎలక్ట్రిక్ గిటార్, యాంప్, పెడల్ చూపేవాళ్లు. ఇప్పుడు ఇన్సెంటివ్ అమ్మిన రోజు కాకుండా 30 రోజుల తర్వాత, వాద్యం తిరిగి రాకపోతేనే అందుతుంది. మొదటి నెలలోపు ఉచితంగా ట్యూనింగ్, తీగల సర్దుబాటు ఉంటుందని బిల్లు మీదే ముద్ర వేస్తారు. కొత్త తీగలు సాగి శ్రుతి దిగడం సహజం, మొదటి వారంలో చాలాసార్లు దిగుతుంది. అది ముందుగా చెప్పకపోతే "గిటార్ పాడైంది" అంటూ వస్తారు. సర్దుబాటుకి వచ్చినవాళ్లని ఎవరు చూసుకుంటే వాళ్లకీ అందులో వాటా.

కౌంటర్ పక్కన ఒక నోట్‌బుక్. కొనకుండా వెళ్లిన ప్రతివాళ్లకీ ఒక గీత, నాలుగు వివరాలు: ఏం అడిగారు, వాద్యం వాళ్ల చేతికి వెళ్లిందా, సుమారు ఎంతసేపు, వెళ్తూ ఏమన్నారు. కస్టమర్ల పేర్లు రాయక్కర్లేదు, బేరం చూసిన కుర్రాడి పేరు చాలు. "చేతికి వెళ్లలేదు" అన్న గడి ఏ కుర్రాడి పేరు మీద ఎక్కువ పడుతోందో వారం తిరిగేసరికి వాళ్లకే కనిపిస్తుంది. యజమాని తిట్టాల్సిన పని ఉండదు.

బెడిసికొట్టినవి

అన్నీ సాఫీగా జరగలేదు. నియమాలు పెట్టిన మొదట్లో కుర్రాళ్లు అసలు వాయించడమే మానేశారు. "చూసుకోండి సార్" అని ఇచ్చి ఫోన్ చూసుకోవడం మొదలైంది. కొందరు తల్లిదండ్రులు "వీళ్లకేం తెలియదు" అనుకుని వెళ్లారు. కస్టమర్ నోరు తెరిచి "మీరు వాయించి చూపండి" అన్నప్పుడు వాయించాలి, బాగా వాయించాలి. హద్దు ఒక్కటే: ఆ వాద్యం కొనేవాళ్లు ఏడాదిలో చేరుకోగలిగిన స్థాయి. సాదా కార్డులతో ఒక పాట పల్లవి. అది విన్న పిల్లకి "ఇది నేనూ వాయించొచ్చు" అనిపిస్తుంది.

మూడు ప్రశ్నలు చిలక పలుకుల్లా మారడం రెండో సమస్య. భజన మండలి నుంచి వచ్చిన పెద్దాయనకి కూడా "మీరు ఎవరి దగ్గర నేర్చుకుంటున్నారు?" అనేశారు. ఆయన వయసుకి అది అవమానం. మండళ్లవాళ్లకి ప్రశ్నలు వేరు: పాడేవాళ్లు ఏ శ్రుతిలో పాడతారు, గుడిలోనా ఊరేగింపులోనా, వాద్యాన్ని మోసేదెవరు? ఊరేగింపుకైతే బరువైన స్కేల్ చేంజర్ (శ్రుతి మార్చే ఏర్పాటున్న) హార్మోనియం వద్దని చెప్పడమే న్యాయం.

నలుగురిలో ఒకరు మానేశారు. అతనికి స్టేజీ కావాలి, కౌంటర్ సరిపోలేదు. మిగిలినవాళ్ల కోసం నెలకొక ఆదివారం సాయంత్రం, అమ్మకం ఆపి, దుకాణంలోనే గంటన్నర కూడిక పెట్టారు. స్టాఫ్, కస్టమర్లు, టీచర్ల పిల్లలు ఎవరైనా వాయించొచ్చు. అక్కడ ఎంత వేగంగా వాయించినా అడిగేవారు లేరు. హార్మోనియం టీచరమ్మ కూడా పిల్లల్ని తీసుకుని వస్తున్నారు.

ఫలితాల్లో స్పష్టంగా కనిపించేది తిరిగొచ్చే వాద్యాల సంగతి. వేళ్ల నొప్పి, శబ్దం రాకపోవడం, సైజు కుదరకపోవడం అన్న కారణాలతో రావడం దాదాపు ఆగిపోయింది. ఖరీదైన బిల్లులు కొంత తగ్గాయి, మొదటి వాద్యాల అమ్మకం, తీగలు, బ్యాగులు, సర్వీసు పెరిగాయి. డిసెంబర్ రద్దీలో మాత్రం పద్ధతి ఇంకా చెడుతోంది. ఒక్కో కుర్రాడి ముందు నలుగురైదుగురు నిలబడితే పదిహేను సెకన్ల డెమో, రెండడుగుల మౌనం ఏవీ నిలవవు. ఆ నెలకి తాత్కాలికంగా మనుషుల్ని తీసుకుంటున్నారు.

కొత్తగా తీసుకునేవాళ్లకి ఇంటర్వ్యూ కూడా మారింది. ఇదివరకు "ఏదైనా వాయించు" అనేవాళ్లు. ఇప్పుడు తీగలు అడ్డదిడ్డంగా వదులు చేసిన గిటార్ ఒకటి ఇస్తారు. ఎదురుగా ఎప్పుడూ గిటార్ పట్టని మనిషిని, తరచుగా పక్క టీ కొట్టు అబ్బాయిని, కూర్చోబెడతారు. అభ్యర్థి శ్రుతి చేసి, ఆ అబ్బాయి చేత అయిదు నిమిషాల్లో ఒక తీగ మీద నాలుగు స్వరాలు పలికించాలి. శ్రుతి చేయగానే తన సొంత లీడ్ అందుకున్నవాళ్లని కౌంటర్‌కి తీసుకోరు. చెవి బాగుంటే సెటప్ బల్లకి అడుగుతారు.